పొలం మందు పడకగదిలోకి: కొండాపూర్ నివాసాలలో కీటక వికర్షకాలు, వాటి సురక్షిత వినియోగం

కొండాపూర్ ఒకప్పుడు రంగారెడ్డి జిల్లా శేరిలింగంపల్లి మండలంలోని ఒక గ్రామం. 1998 నవంబరులో సమీపంలోని మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఆ పరిసరాల రూపురేఖలు వేగంగా మారిపోయాయి. గండశిలల నడుమ బహుళ అంతస్తుల నివాస సముదాయాలు లేచాయి. వాటి సందులలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల వసతిగృహాలు వెలిశాయి. కొత్తగూడ వైపున్న కోట్ల విజయభాస్కర రెడ్డి బొటానికల్ గార్డెన్‌లో మాత్రమే పూర్వపు నేల కొంత మిగిలింది. పొలాలు పోయాయి గాని పొలం మందులు పోలేదు. అవి దారి మార్చుకొని వంటగదులలోకి, పడకగదులలోకి, బాల్కనీ కుండీలలోకి చేరాయి.

ఇటువంటి ఒక సగటు ఫ్లాటులో అరలు తెరిచి చూస్తే గోడ సాకెట్టులో దోమల ద్రావకం, గట్టు కింద బొద్దింకల స్ప్రే, మూలన చీమల చాక్‌పీసు, బట్టల బీరువాలో కలరా ఉండలు, ఎక్కడో ఎలుకల పేస్టు, బాల్కనీలో మొక్కల కోసం తెచ్చి సగం వాడిన పురుగుమందు సీసా కనిపిస్తాయి. వీటన్నిటినీ తెలుగువారు ‘మందు’ అనే ఒకే మాటతో పిలుస్తారు. జ్వరానికి మింగేది మందు, దోమలకు పెట్టేది మందు, ఎలుకకు వేసేదీ మందే. మాట ఒకటే కావడం వల్ల వస్తువుల మధ్య ఉన్న భేదం మరుగున పడుతోంది. గృహాలలో సంభవించే విషప్రమాదాలను పరిశీలిస్తే చాలా సందర్భాలలో అసలు తప్పు రసాయనాన్ని దాని స్థానం నుంచి తప్పించడంలో కనిపిస్తుంది. బహిరంగ క్షేత్రానికి ఉద్దేశించినది మూసిన గదిలోకి రావడం, గోదాముకు ఉద్దేశించినది మంచం కిందికి రావడం, సీసాలో ఉండవలసినది శీతలపానీయం బాటిల్లోకి మారడం, ఇవన్నీ ఒకే కోవకు చెందిన పొరపాట్లు.

వికర్షకం, నాశని, ధూమకారి

మొదట భేదాన్ని స్పష్టం చేసుకోవాలి. కీటకాన్ని దగ్గరకు రానీయకుండా చేసేది వికర్షకం. చర్మంపై రాసుకునే లేపనాలు ఈ వర్గానికి చెందుతాయి. స్పర్శ ద్వారా గాని, జీర్ణాశయం ద్వారా గాని కీటకాన్ని చంపేది కీటకనాశని. వాయురూపంలో వ్యాపించి మూసిన ఆవరణలోని ప్రాణులన్నిటినీ చంపేది ధూమకారి. కీటకానికి, మనిషికి మధ్య ధూమకారి భేదం చూపదు. గోడకు తగిలించే దోమల ద్రావకం మొదటి రెండు వర్గాల నడుమ నిలుస్తుంది. అందులోని ట్రాన్స్‌ఫ్లూత్రిన్ లేదా ప్రాలెత్రిన్ తక్కువ గాఢతలో దోమను తరిమివేస్తుంది, ఎక్కువ గాఢతలో నేల కూలుస్తుంది. వినియోగదారుడు ‘దోమలు రాకుండా’ అని కొన్నది నిజానికి రాత్రంతా గదిలోకి ఆవిరయ్యే కీటకనాశని అని గ్రహించిన వారు తక్కువ.

పైరెత్రాయిడ్లు కీటకాల నాడీకణాలలోని సోడియం ద్వారాలను మూసుకోనీయకుండా చేస్తాయి. మనిషి కాలేయంలోని ఎంజైములు వాటిని త్వరగా విచ్ఛిన్నం చేయడం వల్ల, సూచించిన మోతాదులో, మనకు వాటి వల్ల కలిగే ముప్పు తక్కువ. కాని పిల్లికి ఆ సామర్థ్యం లేదు. కుక్కలకు వాడే పెర్మెత్రిన్ మందును పిల్లికి పూస్తే అది ప్రాణాంతకం కాగలదు. చేపలు అంతకంటే సున్నితమైనవి. గదిలో స్ప్రే చేసేటప్పుడు అక్వేరియంను కప్పి, గాలిని పంపే పంపును ఆపాలి. లేకుంటే ఆ పంపే మందును నీటిలోకి లాగుతుంది.

ఆర్గనోఫాస్ఫేట్ల సంగతి వేరు. మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్, డైక్లోర్‌వాస్ వంటివి కీటకంలోనూ మనిషిలోనూ ఎసిటైల్ కోలినెస్టరేజ్ అనే ఒకే ఎంజైమును నిరోధిస్తాయి. బొద్దింకల కోసం తరతరాలుగా ఇళ్లలో వాడిన డైక్లోర్‌వాస్‌ను కేంద్ర ప్రభుత్వం 2018 ఆగస్టులో జారీ చేసిన నిషేధ ఉత్తర్వు ద్వారా 2020 డిసెంబరు 31 నుంచి పూర్తిగా నిలిపివేసింది. అయినా ఇంటి మూలల్లో పాత సీసాలు దాచి ఉంచుకోవడం, ‘పాతదే బాగా పనిచేసేది’ అనే మాట వినిపించడం ఆగలేదు. బాగా పనిచేయడానికి కారణమైన గుణమే దాని నిషేధానికీ కారణమైంది.

మూసిన గది అంటే ఏమిటి

విస్తరణ శాస్త్రవేత్తలు పురుగుమందు మోతాదును ఎకరానికి లెక్కించడం అలవాటు చేసుకున్నారు. ఎకరా పొలంలో చల్లిన మందును గాలి పలుచన చేస్తుంది, ఎండ విచ్ఛిన్నం చేస్తుంది, వాన కడిగివేస్తుంది, నేలలోని సూక్ష్మజీవులు తినివేస్తాయి. ఎ.సి. నడిచే పడకగదిలో ఈ నాలుగింటిలో ఒక్కటీ లేదు. స్ప్లిట్ ఎ.సి. గదిలోని గాలినే తిరిగి చల్లబరుస్తుంది గాని, బయటి గాలిని లోపలికి తీసుకురాదు. పైగా గచ్చు మీద, పరుపులో, కర్టెన్లలో నిలిచిన అవశేషాలకు అతి దగ్గరగా ఉండేది పాకే వయసు బిడ్డ. చేతిని నోట్లో పెట్టుకోవడం ఆ వయసుకు సహజం. శరీర బరువుతో పోల్చితే పసిబిడ్డ పీల్చే గాలి పెద్దవారి కంటే ఎక్కువ.

ఒక చిన్న లెక్క విషయాన్ని తేటతెల్లం చేస్తుంది. గోదాములలో ధాన్యానికి వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ల బరువు 3 గ్రాములు. గాలిలోని తేమ తగిలితే అది సుమారు 1 గ్రాము ఫాస్ఫీన్ వాయువును విడుదల చేస్తుంది. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు గల గది ఘనపరిమాణం దాదాపు 34 ఘనమీటర్లు. తలుపులు మూసిన ఆ గదిలో ఒక్క బిళ్ల పూర్తిగా కరిగితే గాలిలో ఫాస్ఫీన్ గాఢత సుమారు 20 పి.పి.ఎం.కు చేరుతుంది. ఎనిమిది గంటల పనివేళకు అమెరికా వృత్తి భద్రతా సంస్థ నిర్ణయించిన పరిమితి 0.3 పి.పి.ఎం. మాత్రమే. అంటే గోదాములో పనిచేసే ఆరోగ్యవంతుడైన కార్మికునికి అనుమతించిన స్థాయికి దాదాపు డెబ్బై రెట్లు. ఫాస్ఫీన్ గాలి కంటే కొద్దిగా బరువైనది. గోడల పగుళ్ల ద్వారా, పైపుల చుట్టూ ఉన్న ఖాళీల ద్వారా పక్క గదికి, పక్క ఫ్లాటుకు పాకగలదు. దీనికి విరుగుడు లేదు.

ఈ కారణం చేతనే అల్యూమినియం ఫాస్ఫైడ్‌ను ప్రభుత్వ సంస్థలకు, అనుమతి పొందిన కీటక నియంత్రణ నిర్వాహకులకు మాత్రమే, నిపుణుల పర్యవేక్షణలో వాడే షరతుపై విక్రయించాలన్న ఆంక్ష ఉంది. 3 గ్రాముల బిళ్లలు 10, 20 చొప్పున ఉండే గొట్టాల తయారీ, అమ్మకం పూర్తిగా నిషిద్ధం. చిల్లర దుకాణంలో ‘నల్లుల బిళ్ల’ అనో, ‘ఎలుకల బిళ్ల’ అనో చేతికందే పొట్లాం ఈ ఆంక్షలన్నిటినీ దాటి వచ్చినదని విద్యార్థులు గుర్తించాలి.

నిర్లక్ష్యానికి మూల్యం ఎంతటిదో ఇటీవలి రెండు సంఘటనలు తెలియజేస్తాయి. 2024 నవంబరులో చెన్నై శివారులోని కుండ్రత్తూరులో ఒక ఇంట్లో కీటక నియంత్రణ సిబ్బంది ఎలుకల మందు ఉంచి వెళ్లారు. ఆ రాత్రి ఎ.సి. గదిలో నిద్రించిన కుటుంబంలో ఇద్దరు చిన్నారులు మరణించారు. తల్లిదండ్రులు ఆసుపత్రి పాలయ్యారు. 2025 అక్టోబరులో బెంగళూరులోని ఒక వసతిగృహంలో నల్లుల నివారణకు మందు వాడిన తరువాత, ఆ సంగతి తెలియక గదిలో నిద్రించిన ఆంధ్రప్రదేశ్ యువ ఇంజినీరింగ్ పట్టభద్రుడు ప్రాణాలు కోల్పోయినట్లు వార్తలు వెలువడ్డాయి. కొండాపూర్, గచ్చిబౌలి, మాదాపూర్ వీధులలోని వసతిగృహాల అమరికకు, బెంగళూరు వసతిగృహాల అమరికకు చెప్పుకోదగిన తేడా లేదు. ఒక గదిలో ముగ్గురు నలుగురు. ఒకరు రాత్రి విధులకు, ఒకరు పగటి విధులకు వెళ్లేవారు. మందు చల్లిన సంగతి యజమానికి తెలుసు, గదిలోకి తిరిగి వచ్చేవారికి తెలియదు. తలుపు మీద ఒక కాగితం అంటించడానికి ఖర్చేమీ కాదు.

దోమలు

సికింద్రాబాద్‌లో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. ఆ ఖ్యాతి గల నగరంలో దోమల విషయమై అవగాహన అధికంగా ఉండాలి. కాని ప్రజలు ఇప్పటికీ సాయంత్రం చీకటి పడగానే దోమల ద్రావకం స్విచ్ వేసి, తెల్లవారగానే ఆపివేస్తారు. డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ ఈజిప్టి పగటిపూట కుడుతుంది. ఉదయం, సాయంత్రం సూర్యాస్తమయానికి ముందు దాని తాకిడి ఎక్కువ. రాత్రి వాడకం క్యూలెక్స్ దోమల నుంచి ఊరట కలిగిస్తుందేగాని డెంగీ నుంచి చేసే రక్షణ స్వల్పం.

దోమల చుట్టల పొగపై 2003లో ‘ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ పర్‌స్పెక్టివ్స్’ పత్రికలో ప్రచురితమైన అధ్యయనం ఒకటి తరచుగా ఉదహరించబడుతుంది. ఒక చుట్ట పూర్తిగా కాలితే వెలువడే సూక్ష్మధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగలోని ధూళికి సమానమని అందులో తేలింది. ఇక్కడ హాని కలిగించేది ప్రధానంగా కీటకనాశని కాదు. దానిని మోసే రంపపు పొట్టు, కొబ్బరి చిప్పల పొడి వంటి ఇంధనం. ఆరుబయట అరుగు మీద వాడడానికి రూపొందిన వస్తువు కిటికీలు మూసిన గదిలోకి రావడమే ఇక్కడి పొరపాటు. దోమల అగరుబత్తుల పరిస్థితి ఇంకా విషమమైనది. పెట్టెపై నమోదు సంఖ్య లేని అగరుబత్తిలో ఏ రసాయనం ఎంత మోతాదులో అద్దారో చెప్పగలిగినవారు ఎవరూ లేరు.

ద్రావకం వాడేవారు నిద్రకు అరగంట ముందు కిటికీలు మూసి వాడి, ఆపివేసి, తరువాత కిటికీలు తెరచి తెరలతో నిద్రించడం మేలు. సాకెట్టు మంచం తలవైపు ఉండరాదు. ఉయ్యాల ఉన్న గదిలో వాడరాదు. ద్రావకంలో అధిక భాగం శుద్ధి చేసిన కిరోసిన్ జాతి ద్రావణి. చిన్నపిల్లలు దానిని తాగినప్పుడు పైరెత్రాయిడ్ కంటే ముందు ఆ నూనె ఊపిరితిత్తులలోకి జారడం వల్లనే ప్రమాదం వస్తుంది. అందుచేతనే వాంతి చేయించడం ఇక్కడ ఘోరమైన తప్పు.

చర్మంపై రాసుకునే వికర్షకాలలో అత్యధికంగా పరిశోధించినది డీట్. అమెరికా సైన్యం దానిని 1946లో రూపొందించింది. 10 శాతం గాఢతలో సుమారు రెండు గంటలు, 24 శాతంలో సుమారు ఐదు గంటలు రక్షణ ఇస్తుంది. గాఢత పెరిగితే రక్షణ కాలం పెరుగుతుందే తప్ప, దోమ మరింత దూరం పోదు. రెండు నెలలలోపు శిశువులకు దీనిని వాడరాదు; పిల్లలకు 30 శాతం మించరాదని అమెరికా శిశువైద్యుల సంఘం సూచన. మన మార్కెట్టులో విరివిగా దొరికే లేపనంలో డైఇథైల్ బెంజమైడ్ 12 శాతం ఉంటుంది. ఏ లేపనమైనా పిల్లల అరచేతులకు, కళ్ల చుట్టూ, గాయాలపై పూయరాదు. ఎండ నుంచి రక్షణకు వాడే క్రీము ముందు, వికర్షకం తరువాత రాయాలి. ఇంట్లోకి రాగానే సబ్బుతో కడగాలి.

‘సహజమైనది కదా’ అనే సమర్థన తెలుగు ఇళ్లలో బలమైనది. వేపనూనె చర్మంపై పలుచగా రాస్తే ఒకటి రెండు గంటలు దోమలు తగ్గవచ్చు. అదే నూనెను శిశువులకు నోటి ద్వారా పట్టించడం వల్ల మలేషియాలో పసిబిడ్డలు మూర్ఛలు, కాలేయ వైఫల్యం పాలైన ఉదంతాలు 1981లో ‘లాన్సెట్’ పత్రికలో నమోదయ్యాయి. కర్పూరం మింగిన పిల్లలకు నిమిషాలలోనే ఫిట్స్ రావచ్చు. యూకలిప్టస్ నూనె అంతే. కలరా ఉండలలోని నాఫ్తలీన్ జి6పిడి ఎంజైము లోపం ఉన్న శిశువులలో ఎర్ర రక్తకణాలను ధ్వంసం చేస్తుంది. నెలల తరబడి కలరా ఉండల నడుమ ఉంచిన పాత ఉన్ని దుస్తులను ఉతకకుండా నవజాత శిశువుకు చుట్టడం దీనికి తెలిసిన ఒక దారి. కుండీలో సిట్రొనెల్లా వాసన గల మొక్కను పెట్టినంత మాత్రాన దోమలు పారిపోవు. ఆకును నలిపితేగాని నూనె వెలువడదు. అతిధ్వని పరికరాలపై పది క్షేత్ర అధ్యయనాలను సమీక్షించిన కోక్రేన్ నివేదిక (2007) అవి దోమకాటును తగ్గించలేదని తేల్చింది.

నిజానికి ఇక్కడి దోమల సమస్యకు మూలం సంపులు, లిఫ్టు గుంటలు, నిర్మాణ స్థలాలలో నిలిచిన నీరు, కుండీల కింది పళ్లాలు. ఏడిస్ గుడ్లు పాత్ర గోడకు అంటుకొని నీరు ఎండిన తరువాత కూడా నెలల తరబడి బతుకుతాయి. పళ్లెంలోని నీటిని పారబోస్తే చాలదు, వారానికొకసారి గోడలను రుద్ది కడగాలి. ఈ ఒక్క పని చేసిన సముదాయానికి సగం మందుల అవసరం తీరుతుంది.

బొద్దింకలు, నల్లులు, ఎలుకలు

బహుళ అంతస్తుల భవనంలో స్ప్రే వల్ల కలిగే ఒక ఫలితాన్ని సాధారణంగా ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పైరెత్రాయిడ్ స్ప్రే బొద్దింకలకు నాశని మాత్రమే కాదు, చికాకు కలిగించే వికర్షకం కూడా. మూడో అంతస్తులో స్ప్రే చేస్తే చావగా మిగిలినవి పైపుల గుండా రెండో అంతస్తుకు, నాలుగో అంతస్తుకు వలస పోతాయి. అక్కడివారు స్ప్రే చేస్తే తిరిగి వస్తాయి. ఈ రాకపోకలలో జర్మన్ బొద్దింకలో నిరోధకత పెరుగుతుంది. అందువల్ల ఫిప్రోనిల్ 0.05 శాతం లేదా ఇమిడాక్లోప్రిడ్ 2.15 శాతం గల జెల్ ఎరను సందులలో చిన్న చుక్కలుగా పెట్టడం శాస్త్రీయం. తిన్నది గూటికి చేరి, దాని విసర్జనను తిన్న ఇతరులనూ చంపుతుంది. జెల్ పెట్టిన చోట స్ప్రే చేస్తే బొద్దింక ఎర దగ్గరికే రాదు. రెండూ కలిపి వాడి ‘ఏదీ పనిచేయలేదు’ అనుకోవడం పరిపాటి.

చీమల చాక్‌పీసు సైతం పైరెత్రాయిడే. పలక మీద రాసే సుద్దతో దానికి గల పోలికే దాని ప్రధాన దోషం.

నల్లులకు రసాయనం కంటే వేడి నమ్మదగినది. 50 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి గుడ్లతో సహా చనిపోతాయి. దుప్పట్లను 60 డిగ్రీల నీటిలో ఉతకడం, మంచం కీళ్లకు ఆవిరి పట్టడం, పరుపుకు జిప్పు గల తొడుగు వేయడం, గది గదిని విడివిడిగా కాక అంతస్తు మొత్తాన్ని ఒకేసారి శుభ్రం చేయడం వసతిగృహాలకు తగిన పద్ధతులు. ఇవి శ్రమతో కూడినవి. ఆ శ్రమను తప్పించుకోవడానికే బిళ్లలు వస్తున్నాయి.

ఎలుకల విషయంలో మూడు వేర్వేరు విషాలు ఒకే ‘ఎలుకల మందు’ పేరుతో చలామణిలో ఉన్నాయి. బ్రొమాడియోలోన్ 0.005 శాతం బిళ్లలు రక్తం గడ్డకట్టకుండా చేస్తాయి. దీనికి విటమిన్ కె1 విరుగుడు ఉంది. జింక్ ఫాస్ఫైడ్ జీర్ణాశయంలోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్‌గా మారుతుంది. మూడవది పసుపు భాస్వరం గల పేస్టు. ఉభయ తెలుగు రాష్ట్రాల ఆసుపత్రులకు ఇది సుపరిచితం. మింగిన వెంటనే కొద్దిపాటి వాంతులు కలిగించి తగ్గిపోయినట్లు భ్రమింపజేస్తుంది. రెండు మూడు రోజుల తరువాత కాలేయం విఫలమవుతుంది. విరుగుడు లేదు. టూత్‌పేస్టు వంటి గొట్టంలో ఉండడం దీనిని పిల్లలకు మరింత ప్రమాదకరం చేస్తోంది. ఇంట్లో బోను, అంటుకునే అట్ట, పైపుల చుట్టూ ఖాళీలను ఇనుప జాలీతో, సిమెంటుతో మూసివేయడం సరిపోతాయి. విషపు ఎర తప్పనిసరైతే బ్రొమాడియోలోన్‌ను తాళం వేసిన ఎర పెట్టెలో మాత్రమే వాడాలి.

కుండీల తోట

తెలంగాణ ఉద్యానశాఖ ‘మన ఇల్లు – మన కూరగాయలు’ కార్యక్రమం ద్వారా నగరంలో మిద్దె తోటలను ప్రోత్సహించింది. రసాయనాలు లేని కూరగాయ తినాలన్న కోరికతో మొదలైన ఈ తోటలలోకి మొదటి పిండినల్లి కనబడగానే పొలం మందు ప్రవేశించడం విచిత్రమైనా వాస్తవం. లీటరు నీటికి 2 మిల్లీలీటర్లు అన్న సిఫారసును ‘మూత నిండా’ అని కొలవడంతో గాఢత ఎన్ని రెట్లయిందో ఎవరికీ తెలియదు. చివరి పిచికారీకి, కోతకు మధ్య ఆగవలసిన కాలం పొలంలోనే సరిగా పాటించబడదు; రోజూ నాలుగు ఆకులు తుంచుకునే పాలకూర కుండీకి అది వర్తించనే వర్తించదు. ఎనిమిదో అంతస్తు బాల్కనీలో చేసిన పిచికారీ ఏడో అంతస్తులో ఆరవేసిన బట్టలపై పడుతుంది. పూలకుండీలో వేసిన ఇమిడాక్లోప్రిడ్ మొక్క అంతటా వ్యాపించి పుప్పొడి, మకరందాల ద్వారా తేనెటీగను చేరుతుంది.

కుండీల తోటకు ఉన్న అనుకూలత దాని చిన్న పరిమాణమే. పేనుబంకను నీటి ధారతో కడిగివేయవచ్చు. పిండినల్లిని తడి గుడ్డతో తుడవవచ్చు. వంగలో తల వాల్చిన కొమ్మను తుంచి నలిపివేస్తే కొమ్మ, కాయ తొలుచు పురుగు తరువాతి తరం ఆగుతుంది. తెల్లదోమకు పసుపు జిగురు అట్టలు, సొర, బీర పాదులపై పండు ఈగకు క్యూల్యూర్ ఎర బుట్టలు చాలు. ఇవి సరిపోనప్పుడు 5 శాతం వేపగింజల కషాయం, అనగా లీటరు నీటికి 50 గ్రాముల పప్పు పొడిని రాత్రంతా నానబెట్టి వడగట్టినది, లేదా 1500 పి.పి.ఎం. అజాడిరక్టిన్ లీటరుకు 5 మిల్లీలీటర్ల చొప్పున సాయంత్రం వేళ పిచికారీ చేయాలి. అజాడిరక్టిన్ ఎండకు త్వరగా విచ్ఛిన్నమవుతుంది కనుక మధ్యాహ్నపు పిచికారీ వృథా. అక్షింతల పురుగులు కనిపిస్తే వేపను కూడా ఒక వారం వాయిదా వేయడం మంచిది.

చెదల మందు గురించి ఒక మాట. భవన నిర్మాణానికి ముందు నేలకు చేసే శుద్ధికి ఐ.ఎస్. 6313 ప్రమాణం ఉంది. అందులో చిరకాలం వాడిన క్లోర్‌పైరిఫాస్‌ను అమెరికా 2000–2001లో ఇళ్ల నుంచి దాదాపు పూర్తిగా తొలగించింది. 2025 మేలో స్టాక్‌హోమ్ ఒప్పందం దానిని, కొన్ని మినహాయింపులతో, నిర్మూలన జాబితాలో చేర్చింది. పునాదిలోకి పోవలసిన ఆ సీసా మిగిలిందని బాల్కనీకి చేరనీయరాదు.

లేబులు, లైసెన్సు, విస్తరణ

1968 నాటి కీటకనాశినుల చట్టం, 1971 నాటి నియమాల ప్రకారం ప్రతి డబ్బాపై వజ్రాకారపు గుర్తు ఉండాలి. దాని దిగువ త్రిభుజపు రంగు విషతీవ్రతను తెలుపుతుంది. ప్రయోగ జంతువులలో నోటి ద్వారా సగం మరణాలు కలిగించే మోతాదు శరీర బరువు కిలోకు 1–50 మిల్లీగ్రాములైతే ఎరుపు, 51–500 అయితే పసుపు, 501–5000 అయితే నీలం, అంతకు మించితే ఆకుపచ్చ. ఎరుపు, పసుపు రంగు గుర్తున్న ఏ వస్తువుకూ నివాస గృహంలో సామాన్యుని చేతిలో చోటు లేదు. గుర్తు గాని, నమోదు సంఖ్య గాని లేని పొట్లం సంగతి వేరే చెప్పనవసరం లేదు. అయితే ఆకుపచ్చ రంగు ఉంటే చాలునని భావించరాదు. ఆ రంగు మింగిన మోతాదుకు సంబంధించినది. మూసిన గదిలో పీల్చిన దానికి కాదు.

వాణిజ్యపరంగా కీటక నియంత్రణ చేసేవారికి లైసెన్సు తప్పనిసరి. అందుకు వ్యవసాయ పట్టభద్రుడు గాని, రసాయనశాస్త్రం చదివిన సైన్సు పట్టభద్రుడు గాని, గుర్తింపు పొందిన సంస్థలో కనీసం 15 రోజుల శిక్షణ పొంది ఉండాలని నియమం. ఆ సంస్థలలో ఒకటి రాజేంద్రనగర్‌లోనే ఉంది; పూర్వం జాతీయ సస్యరక్షణ శిక్షణ సంస్థగా, నేడు జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థగా అది సుప్రసిద్ధం. వ్యవసాయ విద్యార్థులకు ఇది ఒక గౌరవప్రదమైన ఉపాధి కూడా. ఉద్యోగాల జాబితాలో దానిని చివరన చూడడం తగదు. నివాస సంఘాలు పని అప్పగించే ముందు లైసెన్సు ప్రతిని, వాడబోయే రసాయనం పేరును, గదిలోకి ఎప్పుడు తిరిగి రావచ్చో ఆ గడువును రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి. పేరు చెప్పలేని మనిషిని గడప దాటనీయరాదు.

తెలంగాణలో విస్తరణ వ్యవస్థ ఐదు వేల ఎకరాలకు ఒక వ్యవసాయ విస్తరణ అధికారి చొప్పున రూపొందింది. 2,601 రైతు వేదికలు ఆ లెక్క ప్రకారమే వచ్చాయి. కొండాపూర్‌లో సాగు ఎకరాలు లేవు కనుక విస్తరణ అధికారి లేడు. కాని పురుగుమందు వాడకం ఉంది; అదీ పొలం కంటే దగ్గరగా, పసిపిల్లల నడుమ, రాత్రింబగళ్లు. ఎకరాలను మాత్రమే లెక్కించే విస్తరణకు ఈ వినియోగదారుడు కనిపించడు. గృహ కీటక నియంత్రణను కీటకశాస్త్ర పాఠ్యాంశంలో ఒక మూలకు నెట్టిన కళాశాలలకూ ఇందులో భాగం ఉంది. గ్రామీణ అనుభవ కార్యక్రమంలో విద్యార్థి రైతు ఇంట మందు డబ్బా ఎక్కడ పెట్టారో చూసి రాస్తాడు. అదే పరిశీలనను నగరంలోని రెండు నివాస సముదాయాలలో, రెండు వసతిగృహాలలో చేయించడానికి కొత్త నిధులు అవసరం లేదు. ఆయా సంఘాల వాట్సాప్ సమూహాలలో తెలుగులో ఒక పేజీ సూచనలు పంపడం అంతకంటే తేలిక.

ప్రమాదం జరిగినప్పుడు

చర్మంపై పడితే బట్టలు తీసివేసి సబ్బు నీటితో కడగాలి. కంట్లో పడితే 15 నిమిషాల పాటు ధారగా నీరు పోయాలి. పీల్చినట్లు అనుమానం కలిగితే ముందు మనుషులు బయటికి రావాలి. కిటికీలు తెరవడం, సామాను సర్దడం తరువాత. మింగినట్లయితే వాంతి చేయించరాదు. ఉప్పునీరు, పాలు, నూనె పట్టరాదు. చొంగ కారడం, కంటిపాప సూదిమొనలా చిన్నదవడం, చెమటలు ఆర్గనోఫాస్ఫేట్ లక్షణాలు. దీనికి అట్రోపిన్ చికిత్స ఉంది, ఆలస్యం పనికిరాదు. మందు వాడిన గదిలో పడుకున్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వాంతులు, ఆయాసం మొదలైతే దానిని హోటలు భోజనం మీదికి నెట్టివేయకుండా వెంటనే 108కి ఫోను చేయాలి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం 1800 116 117 నంబరులో వైద్యులకూ, సామాన్యులకూ సలహా ఇస్తుంది. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు డబ్బాను, పొట్లాన్ని, ఖాళీ కాగితమైనా సరే, పారవేయకుండా వెంట తీసుకుపోవాలి. దాని మీద ముట్టిన చేతిని కడుక్కొని, ప్లాస్టిక్ సంచిలో కట్టి, వైద్యునికి చూపాలి.